ప్రవాహమూ నిల్వా: ప్రపంచ వర్తకాన్ని గీసిన పటాల చరిత్ర

దేశాల మధ్య సాగే వర్తకాన్ని అంకెల పట్టికల్లోంచి తీసి గీతలుగా గీయడం 1786లో లండన్‌లో మొదలైంది. ఆ ఏడాది విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండ్ దేశస్థుడు 'కమర్షియల్ అండ్ పొలిటికల్ అట్లాస్' అనే పుస్తకం వెలువరించాడు. పేరుకు అట్లాసే గాని అందులో భూపటం ఒక్కటీ లేదు. ఉన్నవి 44 చార్టులు. అడుగున ఎడమ నుంచి కుడికి సంవత్సరాలు, పక్కన నిలువునా పౌండ్లు, మధ్యలో ఎగుమతికో గీత, దిగుమతికో గీత. రెండు గీతల నడుమ జాగాకు రంగు పూశారు. ఎగుమతి గీత పైనుంటే ఆ రంగు మేర ఇంగ్లండుకు మిగులు, దిగుమతి గీత పైకెక్కితే లోటు. డెన్మార్క్, నార్వేలతో జరిగిన వర్తకాన్ని 1700 నుంచి 1780 దాకా చూపే చార్టు వీటిలో బాగా పేరుపడింది. శతాబ్దం మొదట్లో లోటులో ఉన్న ఇంగ్లండు, సగం గడిచేసరికి మిగులులోకి దాటడం అందులో ఒక్క చూపుకే అందుతుంది. అదే సంగతి పట్టికలో వెతకాలంటే ఎనభై వరుసలు చదవాలి.

ప్లేఫేర్‌కు ఈ విద్య ఇంట్లోనే అబ్బింది. తండ్రి పోయాక అతన్ని పెంచిన అన్న జాన్ ప్లేఫేర్ తర్వాతి కాలంలో గణిత ఆచార్యుడయ్యాడు. రోజూ థర్మామీటరు చూసి ఆ వేడిమిని గీతగా గీయడం తమ్ముడికి నేర్పింది ఆయనే. ఆ తర్వాత ప్లేఫేర్ బర్మింగ్‌హామ్‌లో ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ దగ్గర నక్షాలు గీసే పనికి కుదిరాడు. అట్లాసు సంగతి విన్న వాట్ ఒక సలహా ఇచ్చాడు: గీతలతో పాటు వాటి మూల పట్టికలూ అచ్చువెయ్యాలి, లేకపోతే అంతా గీసినవాడి మాట మీదే ఆధారపడుతుంది అని. రెండు శతాబ్దాలు దాటినా ఈ సలహాకు కాలం చెల్లలేదు. స్కాట్లండ్ విషయంలో ప్లేఫేర్‌కు ఒకే ఏడాది లెక్కలు దొరికాయి. ఏళ్ల వరుస లేనప్పుడు గీత గీయడం కుదరదు గనుక ఒక్కో దేశానికి ఎగుమతికో కడ్డీ, దిగుమతికో కడ్డీ గీశాడు. బార్ చార్టు అలా పుట్టింది. కాలం లేని ఆ బొమ్మ తక్కువరకందని గీసినవాడే అనుకున్నాడు. ఇవాళ ప్రతి పత్రికలోనూ కనిపించేది అదే. వృత్తాన్ని ముక్కలు చేసి చూపే పై చార్టు కూడా అతనిదే, 1801లో.

ఆ గీతల వెనక ఉన్న అంకెలు ఎక్కడివి? ఎగుమతి దిగుమతుల లెక్కలు రాయడానికి ఇంగ్లండు 1696లో సుంకాల శాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవి ఒకటి ఏర్పాటు చేసింది. అక్కడి పెద్ద పద్దుల్లో సరుకులకు కట్టిన విలువలు మొదటి కొన్నేళ్ల ధరల దగ్గరే దాదాపు నిలిచిపోయాయి. బజారులో ధర మారినా పద్దులో మారేది కాదు. అంటే పౌండ్లలో కనిపించే ఆ గీతలు నిజానికి డబ్బు కంటే సరుకు రాశినే ఎక్కువగా చూపుతాయి. చార్టు చూసి ఇంగ్లండుకు ఇంత లాభమని మురిసినవాడికి ఈ సంగతి తెలియదు.

ఈస్టిండీస్‌తో వర్తకం దగ్గరికి వస్తే మరో లోపం బయటపడుతుంది. సరుకుల లెక్కలో చూస్తే అక్కడి నుంచి దిగుమతి ఎగుమతిని బాగా మించిపోయేది. ఆ దిగుమతిలో మచిలీపట్నం కలంకారీ, గోదావరి తీరాన ఇంజరం, మాధవాయపాలెం కొఠీల నుంచి పోయిన నేతబట్ట కలిసి ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కాలుపెట్టింది 1611లో. ఇంగ్లండు ఉన్నిబట్ట ఇక్కడి ఎండకు అమ్ముడుపోదు గనుక బట్టకు బదులు వెండి పంపాల్సి వచ్చేది. సరుకుల లెక్కలో ఆ వెండికి చోటు లేకపోతే లోటు కొండంత కనిపిస్తుంది. 1765లో బెంగాల్ దివానీ చేతికొచ్చాక కంపెనీ వెండి పంపడం బాగా తగ్గించి, ఇక్కడి జనం కట్టిన శిస్తుతోనే ఇక్కడి సరుకు కొనడం మొదలుపెట్టింది. అదే కాలంలో ఉత్తర సర్కారులూ కంపెనీ పాలనలోకి వచ్చాయి. నేతగాడి మగ్గం మీదినుంచి బట్ట అలాగే దిగుతోంది, ఓడలు అలాగే పోతున్నాయి. చార్టు మీద గీత మాత్రం ఈ రెండు దశలకూ ఒకే తీరుగా సాగుతుంది. దిగుమతికి ధర ఎవరు చెల్లించారన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

ప్లేఫేర్ గీతలు చూపినది ప్రవాహాన్ని: ఏడాదికి ఎంత వచ్చింది, ఎంత పోయింది. సరుకు పుట్టిన చోట ఇంకా ఎంత ఉందన్నది వేరే లెక్క. తూము దగ్గర నిలబడి పారే నీటిని కొలిచేవాడికి చెరువులో నీటిమట్టం తెలియనట్టే, వర్తక పటం చూసేవాడికి నిల్వ తెలియదు. ప్రవాహాన్ని గీసేవారు, నిల్వను గీసేవారు చాలాకాలం వేర్వేరుగానే పనిచేశారు. ఒకరు వర్తకం గురించి, మరొకరు తరిగిపోయే గనుల గురించి రాశారు. ఈ రెండు దారుల చరిత్రా కలిపి చూస్తేనే ఇవాళ్టి పటాల బలమూ బలహీనతా అర్థమవుతాయి.

ప్రవాహాన్ని గీతల్లోంచి మళ్లీ భూపటం మీదికి తెచ్చినవాడు ఫ్రెంచి ఇంజనీరు షార్ల్ జోసెఫ్ మినార్. దిజోన్‌లో 1781లో పుట్టి, వంతెనలు, రోడ్ల శాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా చేసి, డెబ్బై ఏళ్లకు 1851లో పదవీ విరమణ చేశాడు. పేరు తెచ్చిన పటాల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతే గీశాడు. నెపోలియన్ సేన రష్యాలో కరిగిపోయిన తీరు చూపే 1869 నాటి పటం లోకప్రసిద్ధం. దానికి ముందే ఆయన ఫ్రాన్స్ వైన్ ఎగుమతులకూ, బ్రిటన్ బొగ్గు ఎగుమతులకూ పటాలు వేశాడు. పద్ధతి సులువు. సరుకు పోయే దారి వెంట ఒక పట్టీ గీయాలి, పట్టీ వెడల్పు ఇన్ని మిల్లీమీటర్లంటే ఇన్ని టన్నులు. ఐర్లండు రైల్వేల కోసం 1837లో హెన్రీ హార్నెస్ ఇలాంటిది గీశాడు గాని, దాన్ని ప్రపంచ వర్తకానికి పట్టించింది మినారే. పట్టీలు వెడల్పైతే సముద్రం చాలదు. అందుకని మినార్ జలసంధులను వెడల్పు చేశాడు, తీరాలను పక్కకు జరిపాడు. భూగోళం వంకర పోయినా ఆయన పట్టించుకోలేదు. కన్ను కొలవాల్సింది సరుకును గాని తీరరేఖను కాదన్నది ఆయన లెక్క.

1862 నుంచి 1866 దాకా మినార్ వేసిన పత్తి పటాలు ఈ కళలో శిఖరమని చెప్పవచ్చు. యూరప్ దిగుమతి చేసుకున్న దూదిని 1858తో పోల్చి తర్వాతి ఏళ్లలో చూపుతాయవి. 1858 పటంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి లివర్‌పూల్‌కు ఓ నీలి పట్టీ మహానదిలా సాగుతుంది. భారతదేశం నుంచి వచ్చేది దాని పక్కన సన్నగా ఉంటుంది. 1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది, ఉత్తరాది నౌకాదళం దక్షిణ రేవులను దిగ్బంధించింది. అయినా 1861 పటంలో నీలి పట్టీ ఇంకా బలంగానే ఉంటుంది. అంతకుముందు ఏడాది పండిన భారీ పంట యుద్ధం ముదిరేలోపే ఓడలెక్కడం అందుకు కారణం. కరువు పటంలోకి రావడానికి ఏడాది పట్టింది. 1864 వచ్చేసరికి నీలి పట్టీ దాదాపు దారంలా సన్నబడిపోయింది. ఆఫ్రికా కొనను చుట్టి వచ్చే భారత పట్టీ బలిసి దాని స్థానం ఆక్రమించింది. ఈజిప్టు పట్టీ కూడా ఉబ్బింది. సూయజ్ కాలువ తెరుచుకునేది 1869లో గనుక బొంబాయి దూది ఇంకా కేప్ ఆఫ్ గుడ్ హోప్ మీదుగానే తిరిగి రావాల్సి ఉండేది. 1860లో బ్రిటన్ దూదిలో ఆరో వంతు కూడా లేని భారత వాటా 1862లో నాలుగింట మూడు వంతులకు పెరిగింది.

యుద్ధ వార్త రాసినవాడెవడూ ఇంత సూటిగా చెప్పలేదు: ఒక దేశపు బానిసల పొలాలు ఆగిపోతే ఇంకో ఖండంలో నల్లరేగడి నేలలు దున్నుతారు. కానీ మినార్ పట్టీ రేవు దగ్గరే మొదలవుతుంది. రేవు వెనక ఏం జరిగిందో పటంలో లేదు. బిరారు, ఖాందేశ్‌లతో పాటు తెలుగు నాట గుంటూరు, పల్నాడు, కర్నూలు ప్రాంతాల పత్తికీ ధర కొన్ని రెట్లు పెరిగింది. కృష్ణా, గోదావరి ఆనకట్టలు అప్పటికి కొద్ది ఏళ్ల కిందట పూర్తయ్యాయి. ఆ కాలువల్లో పడవల మీద బేళ్లు కాకినాడ చేరేవి. ఇంగ్లీషు వర్తకుల చీటీల్లో 'కొకనాడా' అన్నది ఒక పత్తి రకం పేరయింది. రేవు పుంజుకుంది. నూలు ధర మండి చేనేతవాడు మాత్రం దెబ్బతిన్నాడు. బట్టను పడుగు పోగుల పుంజాల లెక్కన బేరమాడిన ఊళ్లలోనే ఇప్పుడు ముడి దూది ఎగుమతి అయిపోతోంది. 1865లో యుద్ధం ముగిసింది, ధర కూలింది. అప్పటిదాకా పత్తి సొమ్ముతో బొంబాయిలో సాగిన షేర్ల జూదం ఆ ఏడాదే పేకమేడలా కూలి బ్యాంకులను ముంచింది. 1866 నాటి పటంలో అమెరికా నీలం మళ్లీ వెడల్పవడం మొదలైంది. ధర చూసి అప్పుచేసిన రైతు సంగతి ఏ రంగులోనూ లేదు.

మినార్ 1862లో వలసల పటం కూడా వేశాడు. 1858లో భూగోళం మీద ఎక్కడి నుంచి ఎక్కడికి మనుషులు పోయారో అది చెబుతుంది. యూరప్ నుంచి అమెరికాకు పోయే పట్టీలే అందులో పెద్దవి. మారిషస్, రీయూనియన్ దీవుల చెరకు తోటలకు భారతీయ కూలీలు పోయే పట్టీ కూడా ఉంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడెక్కిన తెలుగువారిని మారిషస్‌లో ఆ రేవు పేరుతోనే పిలిచేవారు. పటంలో వారంతా భారత పట్టీలో కలిసిపోయారు. ప్రష్యా సేనలు పారిస్ మీదికి వస్తున్నాయని 1870లో మినార్ బోర్దోకు వెళ్లి అక్కడే కొద్ది వారాలకు చనిపోయాడు.

నిల్వల గీతకు తొలి గట్టి ఉదాహరణ ఇంగ్లండులో దొరుకుతుంది. విలియం స్టాన్లీ జెవన్స్ సిడ్నీ టంకశాలలో ఐదేళ్లు పనిచేసి వచ్చిన ఆర్థికవేత్త. గ్రాఫులంటే ప్రాణం. ప్లేఫేర్‌ను అందరూ మరిచిపోయిన కాలంలో ఆయన పని విలువ గుర్తించినవాడు. ధరల మార్పును మామూలు కొలబద్ద మీద కాక నిష్పత్తి కొలబద్ద మీద గీయడం 1863లోనే చేసి చూపించాడు. అలాంటి గ్రాఫులో ఏటా ఒకే శాతం చొప్పున పెరిగేది తిన్నని గీతగా కనిపిస్తుంది. 1865లో అచ్చయిన 'ద కోల్ క్వశ్చన్' పుస్తకంలో ఈ చూపే ఆయనకు పనికొచ్చింది. బ్రిటన్ బొగ్గు వాడకం ఏటా 3.5 శాతం పెరుగుతోంది. 1861లో 8.36 కోట్ల టన్నులు. ఆ వేగమే సాగితే 1961లో ఏడాదికి 260 కోట్ల టన్నులు కావాలి. 1861 నుంచి నూటపదేళ్లలో మొత్తం 10,000 కోట్ల టన్నులు తవ్వాలి. భూగర్భ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్ లెక్క ప్రకారం 4,000 అడుగుల లోతు దాకా బ్రిటన్‌లో ఉన్నది సుమారు 8,300 కోట్ల టన్నులు. అంటే గీత ఎక్కడో విరగాలి.

గీత ఆకాశానికి లేచి గని అడుగంటుతుందని ఆయన అనలేదు. లోతు పెరిగే కొద్దీ తవ్వకం ఖర్చు పెరిగి, చవక బొగ్గు మీద నిలబడ్డ బ్రిటన్ వర్తకం అమెరికా ముందు తలవంచుతుందన్నాడు. యంత్రాలు తక్కువ బొగ్గుతో నడిస్తే వాడకం తగ్గదు, చవకై ఇంకా పెరుగుతుందన్న వాదన కూడా ఆ పుస్తకంలోదే. పార్లమెంటులో అలజడి రేగింది. 1866లో ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ జాతీయ రుణం తీర్చాలని వాదిస్తూ బొగ్గు సంగతి ఎత్తాడు. ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ 1871లో నిల్వ హల్ చెప్పినదానికంటే ఎక్కువని తేల్చింది.

తర్వాత జరిగింది ఆయన గీతకు సగం దగ్గర, సగం దూరం. బ్రిటన్ బొగ్గు ఉత్పత్తి 1913లో 29.2 కోట్ల టన్నులతో శిఖరం చేరి దిగడం మొదలైంది. 1961లో వచ్చింది 260 కోట్లు కాదు, 20 కోట్లకు కాస్త తక్కువ. నేలలో బొగ్గు మిగిలే ఉంది. పెట్రోలు వచ్చింది, సహజవాయువు వచ్చింది. పెట్రోలియం బొగ్గుకు బదులవుతుందన్న మాటను జెవన్స్ కొట్టిపారేశాడు. బ్రిటన్‌లో చివరి లోతైన బొగ్గు గని 2015 డిసెంబరులో మూతపడింది, చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024 సెప్టెంబరు 30న ఆగింది. కొరత భయం జెవన్స్‌కు బుర్రలోనే కాదు ఇంట్లోనూ ఉండేది. కాగితం కరువొస్తుందని ఆయన కొని దాచిన కట్టలు ఆయన పోయిన యాభై ఏళ్లకు కూడా పిల్లలు వాడి ముగించలేకపోయారని ఆర్థికవేత్త కీన్స్ రాశాడు.

జెవన్స్ గీత పైకే పోయింది. దాన్ని కొండ ఆకారంలో ఎక్కించి దించినవాడు షెల్ కంపెనీ భూగర్భ శాస్త్రవేత్త ఎం. కింగ్ హబ్బర్ట్. 1956 మార్చిలో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ సభలో ఆయన గంట ఆకారపు గీత ఒకటి చూపించాడు. గీత కింది వైశాల్యమంతా కలిపితే ఎప్పటికైనా తవ్వగల మొత్తం చమురు. నిల్వ ఒక వైశాల్యం, ప్రవాహం దాని ఎత్తు: రెండూ ఒకే బొమ్మలో ఇమిడిపోయాయి. ఇంత పొదుపైన ఆలోచన ఈ చరిత్రలో అరుదు. అలాస్కా కలవక ముందటి 48 రాష్ట్రాల అమెరికాలో మొత్తం 15,000 కోట్ల బ్యారెళ్లుంటే శిఖరం 1965 ప్రాంతంలో, 20,000 కోట్లుంటే 1970 ప్రాంతంలో వస్తుందని చెప్పాడు. 1970లో అమెరికా ఉత్పత్తి రోజుకు 96 లక్షల బ్యారెళ్లతో శిఖరం చేరి దిగింది. మూడేళ్లకే అరబ్బు దేశాల చమురు నిషేధం రావడంతో హబ్బర్ట్ పేరు మోగిపోయింది. 2008 నాటికి ఆ అంకె 50 లక్షలకు పడింది.

అక్కడ కథ మలుపు తిరిగింది. బండరాళ్లను నీటి ఒత్తిడితో పగలగొట్టి షేల్ చమురు తీయడం నేర్చాక గీత మళ్లీ లేచి, 2018లో 1970 రికార్డును దాటి, 2023లో రోజుకు 1.29 కోట్ల బ్యారెళ్లకు చేరింది. వైశాల్యం ముందే తెలుసన్న ఊహే హబ్బర్ట్ గీతకు ఆధారం. సాంకేతికత ఆ వైశాల్యాన్నే మార్చేసింది. ఈ డ్రిల్లింగులో కడప గడ్డకూ వాటా ఉంది. బావిలో ఒత్తిడిని అణచడానికి పోసే బురదకు బరువు కావాలి, ఆ బరువు బెరైటీస్ అనే ముగ్గురాయి నుంచి వస్తుంది. ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. అక్కడి రాయి అమెరికా చమురు బావుల దాకా పోతుంది. విలువ లెక్కన గీసిన వర్తక పటంలో చమురు ఏనుగంత కనిపించే చోట ముగ్గురాయి కంటికే ఆనదు. అది లేకపోతే లోతైన బావి తవ్వడం కష్టం.

ఒక దేశపు ఒక వనరును దాటి మొత్తం భూమికి గీత గీయాలన్న సాహసం 1972లో వచ్చింది. 1968లో ఔరేలియో పెచ్చేయీ, అలెగ్జాండర్ కింగ్ మొదలుపెట్టిన క్లబ్ ఆఫ్ రోమ్ కోసం, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డొనెల్లా మెడోస్, డెనిస్ మెడోస్, యోర్గెన్ రాండర్స్, విలియం బెహ్రెన్స్ 'ద లిమిట్స్ టు గ్రోత్' రాశారు. జే ఫారెస్టర్ వేసిన పునాది మీద కట్టిన 'వరల్డ్3' అనే కంప్యూటరు నమూనా 1900 నుంచి 2100 దాకా జనాభా, తిండి, పరిశ్రమ, కాలుష్యం, వనరుల గీతలను ఒకే పేజీలో అల్లింది. వనరుల గీత దిగుతుంది, పరిశ్రమ గీత లేచి వంగుతుంది, జనాభా గీత దాని వెంట కొంత ఆలస్యంగా పడుతుంది. నిలువు అక్షం మీద అంకెలు కావాలనే తీసేశారు. తేదీలు కాదు, ప్రవర్తన చూడమన్నది వారి ఉద్దేశం. చదివినవారు మాత్రం తేదీలే చదివారు. లక్షల ప్రతులు అమ్ముడైన పుస్తకం మీద పత్రికల్లో యుద్ధమే జరిగింది.

ఆర్థికవేత్తల అభ్యంతరం ఒక్కటే: ఆ గీతల్లో ధర లేదు. సరుకు తగ్గితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే జనం ప్రత్యామ్నాయం వెతుకుతారు. జూలియన్ సైమన్ 1980లో జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్‌తో పందెం కట్టాడు. రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్ ధరలు పదేళ్లలో పెరుగుతాయని ఎర్లిక్, పెరగవని సైమన్. 1990లో ఎర్లిక్ 576.07 డాలర్ల చెక్కు పంపాడు. వేరే పదేళ్లు ఎంచుకుంటే ఫలితం తారుమారయ్యేదని తర్వాత లెక్కలు వేసినవారున్నారు. లోహాల ధర గీత ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతామన్నదాన్ని బట్టి ఏ కథైనా చెబుతుంది. 2008లో ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహం టర్నర్ 1972 నాటి గీతలపై ముప్పై ఏళ్ల నిజమైన అంకెలు పెట్టి చూశాడు. ఏ మార్పూ లేకుండా సాగిన 'ప్రామాణిక' దారికి అవి దగ్గరగానే వచ్చాయి. ఆ దారిలో గీతలు వంగే భాగం అప్పటికి ఇంకా రాలేదు గనుక ఈ పరీక్ష ఎంతవరకు తేల్చిందన్నది వాదం తెగని విషయమే.

ఇప్పటి వర్తక పటాలకు ఐక్యరాజ్యసమితి సేకరించే కస్టమ్స్ లెక్కలు ముడిసరుకు. హార్వర్డ్, ఎం.ఐ.టి.లలో తయారైన పటాలు ఒక్కో దేశపు ఎగుమతిని చదరాల ముక్కలుగా చూపుతాయి. ఈ ముక్కల చదరాన్ని 1990 ప్రాంతంలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ కనిపెట్టింది కంప్యూటరు డిస్కులో జాగా ఏ ఫైలు తింటోందో చూడటానికి. భారతదేశపు చదరంలో శుద్ధిచేసిన చమురుకు పెద్ద గడి ఉంటుంది. చూసినవాడు ఇక్కడ చమురు బావులున్నాయనుకుంటాడు. నిజానికి దేశం వాడే ముడిచమురులో అయిదింట నాలుగు వంతులకు పైగా బయటినుంచే వస్తుంది. మందుల గడి కూడా అంతే. హైదరాబాద్ నుంచి పోయే మాత్రల వెనక చైనా నుంచి వచ్చే రసాయనాలున్నాయి.

ఇలా దిగుమతి విలువ ఎగుమతిలో మళ్లీ లెక్కకు రావడానికి ప్రసిద్ధ ఉదాహరణ ఐఫోన్. 2009లో చైనా నుంచి అమెరికాకు పోయిన ఒక్కో ఫోనును కస్టమ్స్ వారు సుమారు 179 డాలర్లుగా చైనా ఖాతాలో రాశారు. దాన్ని బిగించినందుకు చైనాలో మిగిలింది 6.50 డాలర్లని 2010లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మిగతాది జపాన్, జర్మనీ, కొరియా, అమెరికాల భాగాలది. విలువ ఎక్కడ చేరిందో లెక్కగట్టే పట్టికలు ఆ తర్వాతే ప్రపంచ వాణిజ్య సంస్థ, ఓఈసీడీ కలిసి సిద్ధం చేశాయి. ఇంకోవైపు ఓడలే తమ పటం గీస్తున్నాయి. 2004 చివరి నాటికి అంతర్జాతీయ ప్రయాణం చేసే 300 టన్నేజి దాటిన ఓడలన్నింటిలో స్థానం తెలిపే పరికరం తప్పనిసరయింది. ఆ సంకేతాలను పటం మీద చుక్కలుగా పెడితే మలక్కా, సూయజ్, హార్ముజ్ దగ్గర ఎంత ఇరుకో కనిపిస్తుంది. 2021 మార్చి 23న 'ఎవర్ గివెన్' అనే ఓడ సూయజ్‌లో అడ్డంగా ఇరుక్కున్నప్పుడు కాలువకు ఇరువైపులా పేరుకుపోయిన చుక్కలను ఆరు రోజులు ప్రపంచమంతా చూసింది.

భూమి నుంచి మనిషి తవ్వి తీసే మొత్తాన్ని కూడా ఇప్పుడు ఏటా లెక్కిస్తున్నారు. ఇసుక, కంకర, ఖనిజం, ఇంధనం, పంట అన్నీ కలిపి 1970లో 2,700 కోట్ల టన్నులుంటే 2017లో 9,200 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి వనరుల మండలి నివేదిక చెప్పింది. ఈ లెక్కలో సగానికి దగ్గరగా ఉండేది ఇసుక, కంకర, సున్నపురాయి వంటివి. అవి దేశం దాటేది తక్కువ. అందుకే వర్తక పటంలో కనపడవు.

నీటి విషయంలో ప్రవాహమూ నిల్వా చివరికి ఒకే పటంలోకి వచ్చాయి. ధాన్యం ఎగుమతి అంటే దాన్ని పండించిన నీటి ఎగుమతేనని 1990ల్లో లండన్ ఆచార్యుడు జాన్ ఆంథొనీ అలన్ వాదించాడు. ఆ ఆలోచనకు 2008లో స్టాక్‌హోమ్ జల బహుమతి వచ్చింది. నేలలోపలి నీటిని చూసే కన్ను 2002లో దొరికింది. ఆ ఏడాది ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు తమ మధ్య దూరంలో వచ్చే అతి చిన్న తేడాలను బట్టి కింద నేల బరువు ఎంత మారిందో కొలిచాయి. రాజస్థాన్, పంజాబ్, హరియాణాల కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిందని 2009లో వెల్లడైంది. అంటే సుమారు 3,850 టీఎంసీలు, కట్టిన నాటి నాగార్జునసాగర్ తొమ్మిది సార్లు నిండేంత. ఆ పటంలో వాయవ్య భారతం ఎర్రగా మండుతూ ఉంటుంది.

అదే కాలంలో బియ్యం ఎగుమతుల పటంలో భారత పట్టీ ఏటా వెడల్పవుతూ వచ్చింది. ప్రపంచ బియ్యం వర్తకంలో దేశం వాటా సుమారు 40 శాతానికి చేరింది. బాస్మతేతర బియ్యం ఎక్కువగా పోయేది కాకినాడ నుంచే. 2023 జులై 20న బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించగానే అమెరికాలో తెలుగువారు సోనామసూరి బస్తాల కోసం భారతీయ దుకాణాల ముందు బారులు తీరారు. పటం మీద ఒక పట్టీ తెగితే దాని అవతలి కొసన ఎవరున్నారో అప్పుడు తెలిసింది.

ఈ రెండు పటాలనూ 2017లో కరోల్ డాలిన్ బృందం 'నేచర్' పత్రికలో ఒకటి చేసింది. సేద్యం కోసం మళ్లీ ఊరని వేగంతో తోడేసే భూగర్భజలంలో సుమారు 11 శాతం ఆహార వర్తకం రూపంలో సరిహద్దులు దాటుతోందని, అందులో మూడింట రెండు వంతులు పాకిస్థాన్, అమెరికా, భారత్‌ల నుంచే పోతోందని లెక్కతేలింది. మినార్ తరహా పట్టీలే మళ్లీ కనిపిస్తాయి, వాటి వెడల్పు ఈసారి తరిగిన నీటిది. భారత్ పట్టీ అనుకున్నంత వెడల్పు లేదు. ఇక్కడి బోర్లు తోడే నీటిలో ఎక్కువ భాగం దేశంలోనే తినే వరి, గోధుమలకు పోతుంది. సరిహద్దు దాటని ఆ నీటికి ఏ వర్తక పటంలోనూ పట్టీ ఉండదు.